కొలిచి మోపు పాదము



మైలవరము నుండి జి.కొండూరు మీదుగా, కొండపల్లి దాటి, ఇబ్రహీంపట్నము చేరెడు బాట ఇప్పుడు 30వ జాతీయ రహదారిలో భాగమై మా ప్రాంతపు రాకపోకలకెల్ల ఆధారమైయున్నది. తెలతెలవారుచుండగనే పాలక్యానులు కట్టిన మోటారు సైకిళ్ళు, కళాశాలలకు పోవు విద్యార్థుల బస్సులు, కూలీలతో కిక్కిరిసిన ఆటోలు ఆ బాట పట్టును. వేసవి వచ్చినంతనే బంగినపల్లి కాయలతోను, మేము కలెక్టరు కాయలని పిలుచు తోతాపురి కాయలతోను నిండిన వాహనములు నున్న మార్కెటు వైపు బయలుదేరును. చిక్కము చేతబట్టి చిటారుకొమ్మనున్న కాయను అందుకొనబోయి చెట్టుపైనుండి జారిపడిన తోటకూలి, కంకరమలుపులో బండి అదుపు తప్పి మోకాలి దిగువ ఎముక విరిగిన యువకుడు, తడిసిన స్నానాల గదిలో కాలుజారి తుంటి విరిగిన వృద్ధురాలు, ఈ మువ్వురును మా ఊళ్ళలో అందరెరిగినవారే. నేటి ప్రసంగము ఆ మువ్వురికొరకును, వారి మంచముప్రక్కన కూర్చుండి సేవచేయు ఇంటివారికొరకును.

విరిగినవారిని ఆసుపత్రికి చేర్చుట పూర్వమువలె నేడు దుర్ఘటము కాదు. 2005వ సంవత్సరము ఆగస్టు 15న మన రాష్ట్రమున 108 వాహనములు నడువనారంభించిన పిదప, గాయపడినవానిని నులకమంచముపై పరుండబెట్టి నలుగురు మోసికొనిపోవలసిన అగత్యము చాలవరకు తొలగినది. విజయవాడ చేరినంతనే ఎక్స్‌రే తీయుదురు. అవసరమైనచో శస్త్రచికిత్స చేసి ఎముకలోనికి రాడ్డునో, ఎముకపై ప్లేటునో అమర్చుదురు. లేదా పిండికట్టు వేయుదురు. ఇంతవరకు చూపవలసిన శ్రద్ధ అందరును చూపుదురు. అసలు చిక్కు ఇంటికి వచ్చిన తరువాత మొదలగుచున్నది. ఆసుపత్రినుండి పంపునపుడు వైద్యుడు, “ఇక కొంచెం కొంచెం బరువు మోపుతూ నడవండి” అని చెప్పును. ఆ కొంచెము ఎంత? అది అయిదు కిలోలా, ఇరువది కిలోలా, శరీరపు బరువులో సగమా? అడుగవలెనని రోగికి తోచదు. వరుసలో వేచియున్న ఇతర రోగుల తొందరలో వివరించుటకు వైద్యునికి తీరిక చిక్కదు. కొలతలేని ఆ మాటను వెంటబెట్టుకొని ఇంటికి వచ్చిన రోగి, తన స్వభావమునుబట్టి రెండు దారులలో నేదో యొకదాని పట్టును.

మొదటిది భయపు దారి. కాలు నేలకు తాకినంతనే లోని అతుకు ఊడిపోవుననియు, రాడ్డు వంగిపోవుననియు తలచి, వైద్యుడు నడువుమన్న తరువాతకూడ నెలల తరబడి మంచము దిగనివారు కలరు. “అయ్యో, కాలు కింద పెట్టకు నాయనా, ఇంకొన్నాళ్ళు ఆగు” అని తల్లియు, అమ్మమ్మయు ప్రేమతో పలుకు పలుకులే ఆ భయమును పెంచి పోషించును. రెండవది తొందర దారి. నొప్పి తగ్గినదిగదా యని మూడవ వారముననే చంకకర్రలు మూలకు పడవైచి, కోతల కాలమని చేనికో, దుకాణమునకు గిరాకీ వచ్చునని బజారునకో బయలుదేరువారును కలరు. మొదటివాడు ఎముకకు పని లేకుండ చేయుచున్నాడు. రెండవవాడు మోయలేని పనిని దానిపై వేయుచున్నాడు. ఇరువురును కోరునది కోలుకొనుటయే. ఇరువురును చేరునది ఆలస్యమునకే. ఈ రెండింటి నడుమ మూడవ దారి యొకటి కలదు. దానినే పాక్షిక భారవహనమందురు. అనగా గాయపడిన అవయవముపై శరీరభారములో ఒక నిర్ణీతమైన భాగమును మాత్రమే మోపి, ఆ భాగమును వైద్యుని అనుమతితో క్రమక్రమముగ పెంచుకొనుచు పోవుట.

ఈ పద్ధతి వెనుకనున్న సత్యమును గ్రహింపవలెనన్నచో ముందుగా ఎముక యొక్క స్వభావమును తెలిసికొనవలెను. ఎముకయనగా మనలో పెక్కుమంది జీవములేని గట్టి వస్తువని భావింతురు. అది నిజము కాదు. ఎముకలో నిత్యము పాతభాగము కరుగుచు, క్రొత్తభాగము పేరుకొనుచు ఉండును. ఎక్కడ భారము పడుచున్నదో అక్కడ దళసరియగును, ఎక్కడ భారము తొలగినదో అక్కడ పలుచబడును. బెర్లిను నగరపు శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించిన సూత్రమిదియే. దీనికి మన కాలమున లభించిన నిదర్శనము అంతరిక్షము. భారరహిత స్థితిలో నెలల తరబడి గడపిన వ్యోమగాములకు తుంటియెముకలోని ఖనిజసంపద నెలకు నూటికి ఒక వంతు, ఒకటిన్నర వంతు చొప్పున తరిగిపోవునని పరీక్షలలో తేలినది. హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిలులో సాల్యూట్ 7 కేంద్రమునకు పోయి, భారము లేనిచోట శరీరము పొందు మార్పులను ఎదుర్కొనుటకు యోగాభ్యాసము పనికివచ్చునాయని ప్రయోగములు చేసెను. మంచముపై నెలల తరబడి కదలక పరుండిన మనిషి కాలికి కూడ ఆ లోపమే కలుగును. కండ కృశించును, కీలు బిగియును, ఎముక గుల్లబారును, నిలుచున్నంతనే కన్నులు తిరుగును.

విరిగిన ఎముక అతుకుకొను క్రమమును కొంచెము వివరించెదను. విరిగినచోట మొదట రక్తము గడ్డకట్టును; వాపు వచ్చును; తొలివారమంతయు శరీరమునకు చెడినదానిని తొలగించుటలోనే గడచును. రెండు మూడు వారములనాటికి విరిగిన కొనల నడుమ మెత్తని అతుకు ఏర్పడును; అది మృదులాస్థి వంటిది, ఎక్స్‌రేలో సరిగా కనుపించదు. ఆ తరువాతి వారములలో దానిలో సున్నపు ధాతువు పేరుకొని గట్టి అతుకగును. అటుపిమ్మట నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు, ఆ గట్టి అతుకు తన మునుపటి రూపమునకు చెక్కబడుచుండును. పెద్దవారిలో చేతియెముక ఇంచుమించు ఆరు, ఎనిమిది వారములలో పట్టుకొన్నను, మోకాలి దిగువ పెద్దయెముకకు మూడు నాలుగు నెలలైనను పట్టును. ఈ దశలలో ప్రతిదానికిని తాను సహింపగల కదలికకు ఒక పరిమాణము కలదు. మెత్తని అతుకు కొంత కదలికకు ఓర్చుకొనును, ఆ కదలికనే పిలుపుగా గ్రహించి బలపడును. గట్టిపడుచున్న ఎముక మిక్కిలి స్వల్పమైన కదలికనే సహించును. ఏమాత్రము కదలిక లేనిచో అతుకు పెరుగుటకు ప్రేరణ తగ్గును. హద్దుమీరిన కదలిక ఉన్నచో అతుకు పదే పదే చినిగి, ఎముకలు కలియక విడివిడిగనే ఉండిపోవును. మైలవరము తోటలలో అంటుమామిడి నాటిన రైతు దానికి ఊతకర్ర పాతును. కాని కదలకుండ బిగించి కట్టిన మొక్క కాండము సన్ననై, కర్ర తీసిన నాడు తలవాల్చుననియు, గాలికి కొంచెము ఊగనిచ్చిన మొక్కయే మొదలు లావెక్కి నిలుచుననియు అతడెరుగును. ఎముక విషయమున వైద్యుడు పాటించు ధర్మమును అట్టిదే.

ఈ ధర్మము వైద్యలోకమున ఒక్కనాడు స్థిరపడినది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున లివర్‌పూలు నగరమున వెలసిన హ్యూ ఓవెన్ థామస్ ఎముకలు కట్టు వంశమున పుట్టి, వైద్యశాస్త్రము చదివి, విరిగిన అవయవమునకు అవిచ్ఛిన్నమైన దీర్ఘవిశ్రాంతియే ఔషధమని చాటెను; ఆయన పేర వెలసిన కాలికట్టు మొదటి ప్రపంచయుద్ధమున వేలమంది సైనికుల ప్రాణములను కాపాడినది. అదే కాలమున ఫ్రాన్సు దేశపు లూకా షాంపియొన్యేర్ మితమైన కదలికయే జీవమని వాదించెను. ఇరువురి మాటలోను సత్యమున్నది. విశ్రాంతి ఎప్పటివరకు, కదలిక ఎప్పటినుండి యన్నదే తేలవలసియుండెను. 1961లో ఎర్న్‌స్ట్ డేనె యను అమెరికా వైద్యుడును, అతని సహచరులును మోకాలి దిగువ ఎముక విరిగినవారిని పిండికట్టుతోనే తొందరగా నడిపించి, ఎముకలు చక్కగా అతుకుట గమనించిరి. 1967లో అగస్టో సార్మియెంటో మోకాలు వంగుటకు వీలుగా కట్టెడి పొట్టికట్టును ప్రచురించెను. 1985లో ఇంగ్లండున గుడ్‌షిప్, కెన్‌రైట్ అనువారు గొఱ్ఱెల విరిగిన ఎముకలకు దినమునకు కొన్ని నిమిషములపాటు అతి స్వల్పమైన కదలిక కలిగించి, కదలిక లేని ఎముకలకంటె అవి దృఢముగ అతుకుకొనుటను చూపిరి. కొలిచి ఇచ్చిన శ్రమ ఎముకకు ఆహారమని ఈ ప్రయోగములవలన తెలిసినది.

అయితే ఈ వివేకము పరదేశములనుండి మాత్రమే మనకు వచ్చినదని తలపరాదు. సుశ్రుత సంహిత భగ్నచికిత్సకు ప్రత్యేకముగ అధ్యాయములనే కేటాయించినది. ఎముక విరుగుటను పండ్రెండు విధములుగను, కీలు తప్పుటను ఆరు విధములుగను విభజించి, లాగుట, నొక్కుట, చేర్చుట, కట్టుట అను క్రియలను విధించినది. మోదుగ, మేడి, రావి, వెదురు మున్నగువాని పట్టలను, బద్దలను కట్టునకు వాడుమన్నది. చలికాలమున ఏడు దినములకును, సమశీతోష్ణమున అయిదు దినములకును, వేసవిలో మూడు దినములకును కట్టు మార్చుమన్నది. తొడ, పిక్క విరిగినవానిని పలకపై పరుండబెట్టి కదలకుండ మేకులు బిగింపుమన్నది. ఇంత విశ్రాంతిని విధించిన ఆ గ్రంథమే చేతియెముక అతుకుకొన్న పిదప చేయవలసిన అభ్యాసమును చెప్పునపుడు, మొదట మట్టిముద్దను చేత పట్టింపుమనియు, తరువాత ఉప్పుగడ్డను పట్టింపుమనియు, చేతికి బలము కలిగిన పిమ్మట రాతిని పట్టింపుమనియు ఆదేశించినది. మట్టి, ఉప్పు, రాయి! మెత్తనిదానినుండి గట్టిదానికి, తేలికనుండి బరువునకు మెట్టుమెట్టుగ ఎక్కించుటయే ఆ విధి. శతాబ్దముల నాటి ఆ వాక్యములో నేటి ఫిజియోథెరపీ గదిలో మెత్తని బంతితో మొదలుపెట్టి బరువైన డంబెల్ వరకు సాగు క్రమమంతయు ఇమిడియున్నది.

మన తెలుగునాట పుత్తూరు కట్టు పేరు విననివారు లేరు. చిత్తూరు సీమలోని పుత్తూరు ప్రాంతమున ఒక కుటుంబము పందొమ్మిదవ శతాబ్దమునుండి తరతరములుగ ఎముకలు కట్టుచు, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ వాడుచు, పొరుగు రాష్ట్రములనుండికూడ వచ్చువారిని ఆదరించుచున్నది. వంశానుగతమైన ఆ చేతివాటమును గౌరవింపవలసినదే. కాని చర్మము చీల్చుకొని వచ్చిన విరుపు, కీలులోనికి పోయిన విరుపు, ఎముకకొనలు తొలగిన విరుపు అయినచో మొదట ఎక్స్‌రే తీయించి ఎముకల వైద్యునికి చూపకుండ ఏ కట్టును కట్టించుకొనరాదు. అటుపైన, కట్టు ఎచ్చటిదైనను, దానిని విప్పిన తరువాతి నెలలను గూర్చి మనము ఆలోచించుట చాల తక్కువ. కట్టు ఎముకను నిలుపును. నడకను తిరిగి ఇచ్చునది అభ్యాసమే.

ఇక అభ్యాసమునకు వచ్చెదము. వైద్యులు భారమును సాధారణముగ కొన్ని మెట్లుగ విభజింతురు. మొదటిది, గాయపడిన కాలు నేలకు తాకనేకూడని దశ. రెండవది, నిలకడకై పాదమును నేలకు తాకించి, బరువు మాత్రము వేయని దశ. మూడవది, శరీరభారములో నూటికి ఇరువది వంతులనుండి ఏబది వంతులవరకు మోపు పాక్షిక భారదశ. నాలుగవది, నొప్పి సహించినంత మోపు దశ, అయిదవది, పూర్తిభారము. ఎవరు ఏ దశలో ఎంతకాలముండవలెనో విరుపు యొక్క రూపమును, లోన వేసిన లోహమును బట్టి శస్త్రవైద్యుడే నిర్ణయించును. తొడయెముక మధ్యన విరిగి లోపల రాడ్డు వేసినచో, ఆ రాడ్డు ఎముకతోపాటు బరువును పంచుకొనును గనుక త్వరలోనే నడువుమని చెప్పవచ్చును. మోకాలి కీలులోనికి విరుపు పోయినచో, చదునైన ఆ కీలు పలక క్రుంగకుండుటకై ఆరు వారములు, ఒక్కొక్కప్పుడు పండ్రెండు వారములు ఆగుమనవచ్చును. ప్రక్కింటివానికి చెప్పిన మాటను తమకు అన్వయించుకొనరాదు.

పాక్షిక భారమునకు అనుమతి వచ్చిన నాడు ఇంటిలో బరువు తూచు యంత్రము ఒకటి సిద్ధము చేసికొనవలెను. ముల్లు తిరుగునదైనచో మేలు, ఏలయన బరువు పెరుగుచున్నకొలది ముల్లు కన్నులయెదుటనే కదలును. యంత్రమును గోడప్రక్క చదునైన నేలపై నుంచి, దాని సరిఎత్తున ఒక పీటనో పలకనో ప్రక్కన వేసి, గాయపడిన కాలు యంత్రముపైనను, మంచికాలు పీటపైనను ఉంచి, రెండు చంకకర్రలను చేతబట్టి నిలువవలెను. మనిషి బరువు అరువది కిలోలని అనుకొందము. వైద్యుడు నాలుగవవంతు మోపుమన్నచో అది పదునైదు కిలోలు. ఇప్పుడు మెల్లమెల్లగ గాయపడిన కాలిపై ఒరుగుచు ముల్లు పదునైదు చేరువరకు నొక్కవలెను. అచ్చట నిలిపి, అరికాలిలో ఎంత ఒత్తిడి తెలియుచున్నదో, తొడలో ఎంత బిగువు కలిగినదో గుర్తుంచుకొనవలెను. పిమ్మట కన్నులు మూసికొని తిరిగి అంతే ఒత్తి, కన్నులు తెరచి ముల్లును చూడవలెను. తొలిదినమున ముల్లు ఇరువదియైదును దాటియుండుట కనుగొని చాలమంది ఆశ్చర్యపడుదురు. శరీరము తన బరువును తానెరుగదు, నేర్పినకొలది నేర్చుకొనును. నడచునపుడు అనుకొన్నదానికంటె ఎక్కువ బరువు పడుట సహజము గనుక, ప్రతి ఉదయమును నడకకు ముందు ఈ అభ్యాసమును తిరుగచేసి, ఆ కొలతను కాలికి జ్ఞాపకము చేయవలెను. నిలువలేనివారు కుర్చీలో కూర్చుండి పాదమును యంత్రముపై నుంచి నొక్కుటతో ఆరంభింపవచ్చును.

చంకకర్రల విషయమున ఒక హెచ్చరిక. పేరు చంకకర్రయైనను బరువును చంకలో మోయరాదు. చంకకును కర్రపైభాగమునకును నడుమ రెండు మూడు వ్రేళ్ళ ఎడముండవలెను. చేతిపిడి మణికట్టు ముడుత ఎత్తునకు రావలెను. మోచేయి కొద్దిగ వంగవలెను. బరువంతయు అరచేతులపై పడవలెను. చంకలో మోసినయెడల అచ్చటి నరములు నొక్కుకొని చేతివ్రేళ్ళు తిమ్మిరెక్కుటయు, మణికట్టు పట్టుతప్పుటయు కలదు. కర్ర అడుగున తొడిగిన రబ్బరుతొడుగును వారమునకొకసారి తిరుగవేసి చూడుడు. గీతలు అరిగి నున్నబడినచో, మన ఇండ్లలోని గ్రానైటు నేలమీదను, వానలో తడిసిన వాకిటిలోను అది జారుట ఖాయము. మందుల దుకాణములో కొద్ది ఖర్చుతో దొరకు ఆ తొడుగు మార్చుటలో ఉపేక్ష చేసినవాడు రెండవసారి ఆసుపత్రి మెట్లెక్కవలసివచ్చును. హవాయి చెప్పులతో నడువరాదు. మడమను పట్టియుంచు పట్టీగల చెప్పులు తొడుగుకొనవలెను.

నడక యొక్క క్రమమిది. ముందుగ రెండు కర్రలను ఒక అడుగు ముందునకు వేయవలెను. వాని నడుమకు గాయపడిన కాలు తేవలెను, మడమ మొదట, పిదప అరికాలు. అనుమతించినంత భారము మాత్రమే దానిపై మోపి, మిగిలినది అరచేతులపై వేసి, అప్పుడు మంచికాలు ముందునకు వేయవలెను. భయముచేత మునివ్రేళ్ళపై నడచుటకు అలవాటుపడినవారికి పిక్క బిగిసి మడమ దించుట కష్టమగును. కావున తక్కువ బరువైనను అరికాలంతయు మోపవలెను. మెట్లెక్కునపుడు మంచికాలు ముందు, దాని వెనుక కర్రలు, గాయపడిన కాలు. దిగునపుడు కర్రలు, గాయపడిన కాలు ముందు, మంచికాలు తరువాత. రెండు కర్రలనుండి ఒక కర్రకు వచ్చిన దినమున ఆ కర్రను గాయపడినదాని ప్రక్కనగాక, ఎదుటిచేత పట్టవలెను. అడుగు వేయునపుడు తుంటికీలుపై శరీరపు బరువునకు రెండున్నర, మూడు రెట్ల భారము పడును. ఎదుటిచేతి కర్ర ఆ భారమును ఎక్కువగా తగ్గించును.

నడకతోపాటు కండలకును పని చెప్పవలెను. మంచముపై కాలుచాచి మోకాలిని క్రిందికి నొక్కి అయిదు లెక్కపెట్టువరకు బిగించుట, పాదమును ముందునకు వెనుకకు ఆడించుట, మోకాలు వంచక కాలును కొంచెము పైకెత్తి నిలుపుట, ఇవి పిండికట్టు ఉన్నప్పటినుండియే చాలమంది చేయవచ్చును. ఈత నేర్చినవారికి నీరు మంచి సహాయకారి. నడుములోతు నీటిలో శరీరభారము ఇంచుమించు సగమును, రొమ్ములోతున మూడవవంతును, మెడలోతున పదవవంతును మాత్రమే కాళ్ళపై పడును. అయితే గాయము పూర్తిగ మానకముందు నీటిలో దిగరాదు; కాలువలోను, చెరువులోను, పాచిపట్టిన మెట్లపైనుండి ఒంటరిగ దిగుట ఎన్నటికిని తగదు; ప్రక్కన తోడు, చేతికి అందు ఆధారము ఉన్న కొలనులోనే ఆ ప్రయత్నము చేయవలెను.

నొప్పిని గూర్చి ఒక మాట. అభ్యాసము చేసిన తరువాత కొంచెము నొప్పి కలిగి, మరునాటి ఉదయమునకు సమసినచో భయపడనక్కరలేదు. రాత్రియంతయు నిద్రపట్టనీయక సలిపినను, వాపు దినదినము పెరిగినను, మునుపటి మెట్టు బరువునకు దిగి వైద్యునికి తెలుపవలెను. కట్టు క్రింద వ్రేళ్ళు నీలముగ మారినను, తిమ్మిరెక్కినను, గాయమునుండి చీము వచ్చినను, జ్వరము తగిలినను, పిక్క వాచి నొక్కినచో నొప్పి కలిగినను, ఆకస్మికముగ ఊపిరి ఆడకున్నను క్షణమైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. పిక్కలో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు చేరుట ప్రాణాపాయకరము. మధుమేహముతో అరికాలి స్పర్శ తగ్గినవారు నొప్పిని నమ్ముకొనరాదు. వారికి తూనికయంత్రమే ప్రమాణము, ప్రతి సాయంకాలము అరికాలు తిప్పి చూచుకొనుట విధి.

తుంటి విరిగిన వృద్ధుల విషయము ప్రత్యేకమైనది. ఎనుబదియేండ్ల అమ్మకు పదునైదు కిలోలు కొలిచి మోపుమనుట సాధ్యము కాదు. అందుచేత శస్త్రచికిత్స బాగుగ కుదిరినచో వైద్యులు వారిని సాధ్యమైనంతవరకు మరునాడే వాకరుతో నిలబెట్టి, ఓర్చుకొనినంత బరువు మోపనిత్తురు; వారికి మంచమే పెద్దశత్రువు, ఊపిరితిత్తులలో నెమ్ము, వీపున పుండ్లు అచ్చటినుండియే వచ్చును. వారిని లేవనీయకుండ ప్రేమతో పట్టియుంచు బిడ్డలు ఈ సంగతిని గుర్తుంచుకొందురు గాక.

ఆహారమున పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలు ఉండవలెను; గ్రుడ్డు, చేప తినువారు అవియు తినవచ్చును; ఉదయపుటెండ పడవలెను. నల్లేరు పచ్చడి మన ఇండ్లలో ఎముకలకు మంచిదని వాడుచుందురు; భోజనములో రుచికరమైనదే, కాని అది వైద్యమునకు బదులు కాదు. చుట్ట, బీడి, సిగరెట్టు త్రాగువారికి ఎముక అతుకుట ఆలస్యమగునని వైద్యశాస్త్రము నిస్సంశయముగ చెప్పుచున్నది. కాలు విరిగిన దినము చుట్ట మానుటకు మంచి ముహూర్తము. “గట్టి పథ్యము” పేరుతో పప్పును, పాలను మాన్పించు అలవాటు మాత్రము రోగికి చేటు.

విజయవాడలో 1986లో నెలకొన్న ఆరోగ్య విశ్వవిద్యాలయము క్రింద ఫిజియోథెరపీ చదివినవారు ఇప్పుడు పట్టణములలో అందుబాటులో నున్నారు. ఒకటి రెండు పర్యాయములు వారివద్దకు పోయి చేతినుండి నేర్చుకొన్న అభ్యాసము, ఈ ప్రసంగమును పదిమారులు వినుటకంటె మేలు. నేను చెప్పినవి సాధారణ నియమములు. మీ కాలికి వర్తించునది మీ వైద్యుని వాక్యమే.

కావున శ్రోతలారా, ఒక్క విన్నపము. మీరుగాని, మీవారుగాని విరిగిన కాలితో ఆసుపత్రినుండి ఇంటికి బయలుదేరు దినమున, బిల్లు చెల్లించి మందులు తీసికొనుటకు ముందు, వైద్యుని మూడు ప్రశ్నలు అడుగుడు: ఎన్ని కిలోల బరువు మోపవచ్చును? ఎప్పటివరకు? మరల ఎక్స్‌రేకు ఎన్నడు రావలెను? ఆ మూడింటికి జవాబులను ఆయనచేతనే చీటీపై వ్రాయించుకొనుడు. ఆయన తొందరలో నున్నను, మొగమాటపడక అడుగుడు. ఇంటికి వచ్చి ఆ చీటీని గోడకు తగిలించి, ప్రతిదినము దానిలోని కొలతకు తక్కువకాక, మించక నడువుడు.